నాయకత్వంలో ఆన్‌లైన్ డాక్టరేట్: ఎడ్.డి.నా, డీబీఏనా, దగ్గర్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. ప్రైవేటు హైస్కూల్లో ప్రిన్సిపాల్‌ని. ఎంఏ ఎడ్యుకేషన్, బీఎడ్ రెండూ ఒడిశా యూనివర్సిటీలవే, సర్వీసు 14 ఏళ్లు. బడి నడపడానికి పనికొచ్చే డాక్టరేట్ చెయ్యాలని ఉంది, ఉద్యోగం మాత్రం వదలను. అమెరికా ఆన్‌లైన్ ఎడ్.డి.లు, అంటే విద్యారంగ వృత్తి డాక్టరేట్లు, మూడు చూసి పెట్టుకున్నాను. ఒక ఏజెంటు యూరప్ డీబీఏ (బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌లో డాక్టరేట్) 18 నెలల్లో చేతికొస్తుందంటున్నాడు. ఇంట్లోవాళ్లు బరంపురంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి కట్టమంటున్నారు. వీటిని ఏ కొలతతో పోల్చాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం బాటసారి

మహేంద్రతనయ గారూ, ఫీజుతోనో ర్యాంకుతోనో మొదలుపెట్టకండి. ఆ డిగ్రీ కాగితం రేపు ఎవరి బల్ల మీద పెడతారో ముందు తేల్చుకోండి. అక్కడే సగం పేర్లు రాలిపోతాయి.

కాలేజీ లెక్చరర్ పోస్టు, యూనివర్సిటీ పోస్టు, ప్రభుత్వ ఇంక్రిమెంటు, వీటిలో ఏదైనా మనసులో ఉంటే ఆన్‌లైన్ డాక్టరేట్ జోలికి పోవద్దు. 2022 నవంబరు 7న యూజీసీ నోటిఫై చేసిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఇక్కడి ఏ సంస్థా దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ నడపకూడదు. అదే ఏడాది అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి, విదేశీ సంస్థలతో జతకట్టి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని హెచ్చరించాయి. విదేశీ డిగ్రీని మన డిగ్రీతో సమానంగా గుర్తించడానికి (దీన్నే సమానత్వం అంటారు) 2025 ఏప్రిల్లో వచ్చిన నిబంధనలు ఫ్రాంచైజీ డిగ్రీలను ఒప్పుకోవు. కాబట్టి ఎంత పెద్ద పేరున్న యూనివర్సిటీ అయినా, ఆన్‌లైన్ డాక్టరేట్‌కి ఇక్కడ సమానత్వం వస్తుందని లెక్కేసుకుని డబ్బు కట్టకండి.

ప్రైవేటు స్కూలు, ట్రస్టు, ఎన్జీవో, విదేశీ బడి, కన్సల్టెన్సీ, లేదా పని బాగా చెయ్యడం కోసమే అయితే సంగతి వేరు. అక్కడ అడిగేది డిగ్రీ ఇచ్చిన సంస్థ అసలుదా కాదా అని, మీరు చేసిన పనేంటి అని. అప్పుడు ఎడ్.డి. మంచి దారి.

మహేంద్రతనయ

ప్రభుత్వ పోస్టు ఆశ లేదు. మేనేజ్‌మెంటు ఇంకో రెండు బళ్లు తెరుస్తోంది, వాటన్నిటినీ చూసుకునే బాధ్యత రావచ్చు. కానీ పదేళ్ల తర్వాత బీఎడ్ కాలేజీలో పాఠం చెప్పాలనిపిస్తే?

బరంపురం బాటసారి

అప్పుడు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అనే తలుపు మూసెయ్యకండి. 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్‌కి చోటుంది. పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో సగం ప్రశ్నలు రీసెర్చ్ మెథడాలజీ మీదే. పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 వెయిటేజీ. కోర్స్‌వర్కు కనీసం 12 క్రెడిట్లు. అది కూడా కలుపుకుని కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6. రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2. మహిళలకూ 40 శాతం పైబడిన దివ్యాంగులకూ మరో 2 కలిపి మొత్తం 10 దాటకూడదు.

చాలామంది తడబడేది ఎన్ఓసీ దగ్గర, అంటే పనిచేసే చోటునుంచి తెచ్చే నిరభ్యంతర పత్రం దగ్గర. 'మాకు అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం రాయించి తెస్తే చెల్లదు. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇచ్చామని, ఉద్యోగ విధులు పరిశోధనకు తగినంత సమయం ఇస్తాయని, కోర్స్‌వర్కుకు అవసరమైతే విధుల నుంచి విడుదల చేస్తామని, మూడు మాటలూ అందులో ఉండాలి. మూడోదానికి మేనేజ్‌మెంట్లు వెనకాడతాయి. ముందే మాట్లాడి ఒప్పించుకోండి.

ఇంకోటి, గైడ్ దొరకడం. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి పరిశోధక విద్యార్థులు ఉండకూడదు. బరంపురం యూనివర్సిటీ అయినా, ఇటు మీ పక్కనే ఉన్న సెంచూరియన్ అయినా, అవతల ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ అయినా, విద్యాశాఖలో ఎవరి దగ్గర ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో నోటిఫికేషన్లో చూశాకే ఫారం నింపండి.

సుంకి ఘాట్ (కోరాపుట్)

ఆ 18 నెలల డీబీఏ గురించి. దాన్ని ఇప్పుడే పక్కన పెట్టండి.

యూకే లెక్కలో ప్రొఫెషనల్ డాక్టరేట్ అంటే సాధారణంగా 540 క్రెడిట్లు, అందులో కనీసం 360 డాక్టరేట్ స్థాయివి కావాలి. ఉద్యోగం చేస్తూ అంత పని ఏడాదిన్నరలో పూర్తి కాదు. ఫ్రాన్సులో డీబీఏ అన్నది ప్రభుత్వ డాక్టరేట్ కాదు, ఆ బడి సొంతంగా ఇచ్చే బిరుదు. స్విట్జర్లాండులో అయితే సంస్థకు అక్కడి అక్రిడిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడాలి. 'స్విస్' అన్న మాట పేరులో ఉన్నంత మాత్రాన ఏమీ కాదు.

బ్రోచర్ల మీద ముద్రలు చూసి మోసపోయేది ఇక్కడే. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా మంచి ముద్రలే, కానీ అవి బిజినెస్ విద్య నాణ్యతకు ఇచ్చేవి. డాక్టరేట్ ప్రదానం చేసే హక్కు వాటితో రాదు. ఆ హక్కు ఆ దేశపు చట్టం నుంచి రావాలి. అమెరికా అయితే సంస్థ మొత్తానికి గుర్తింపు ఇచ్చే హెచ్ఎల్‌సీ, మిడిల్ స్టేట్స్, సాక్స్‌కాక్ లాంటి వాటిలో ఒకటి ఉండాలి. అమెరికా విద్యాశాఖ నడిపే డాపిప్ అనే డేటాబేస్‌లో సంస్థ పేరు కొడితే గుర్తింపు ఎవరిదో, ఎప్పటినుంచో, ఏమైనా హెచ్చరిక ఉందో కనబడుతుంది. యూకే అయితే ప్రభుత్వం పెట్టిన డిగ్రీ ప్రదాన సంస్థల జాబితా. ఏజెంటు పంపిన లింకు నొక్కకండి, అడ్రసు మీరే కొట్టుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడాతో నకిలీ సంస్థలు ఉంటాయి.

ఇంక డీబీఏ, ఎడ్.డి. మధ్య తేడా: డీబీఏ కంపెనీ సమస్య మీద నడుస్తుంది, చదివించే వ్యాసాలన్నీ మేనేజ్‌మెంటువి. మూడు బళ్లు నడిపే మనిషికి టీచర్లు ఎందుకు వెళ్లిపోతున్నారు, ఆరో తరగతి పిల్లలు ఎందుకు చదవలేకపోతున్నారు అన్నవి సమస్యలు. వాటికి ఎడ్.డి.యే నప్పుతుంది. కంపెనీల్లో పనిచేసేవాళ్లకి ఐఐఎంలు కూడా దారే. 2018 జనవరి 31న ఐఐఎం చట్టం అమల్లోకొచ్చాక అవి డిగ్రీలే ఇస్తున్నాయి. కోళికోడ్ ఐఐఎంలో ఉద్యోగస్తుల కోసం ప్రాక్టీస్ ట్రాక్ పీహెచ్‌డీ ఉంది.

రాయగడ రెండో లైను

ఎడ్.డి. అంటే పీహెచ్‌డీకి తక్కువ రకమా? మా స్టాఫ్ రూములో అదే అంటారు.

గుణుపురం గురువు

తక్కువ కాదమ్మా, చేసే పని వేరు. హార్వర్డ్ 1921లోనే ఎడ్.డి. ఇచ్చింది. చాలా ఏళ్లు రెండిటికీ ఒకే రకం థీసిస్ రాయించడంతో తేడా చెరిగిపోయి, ఎడ్.డి.కి 'చిన్న పీహెచ్‌డీ' అన్న పేరొచ్చింది. దాన్ని సరిచెయ్యడానికే 2007లో కార్నెగీ ప్రాజెక్ట్ ఆన్ ది ఎడ్యుకేషన్ డాక్టరేట్ మొదలైంది. దాన్ని సీపెడ్ అంటారు. అక్కడినుంచి 'ప్రాబ్లమ్ ఆఫ్ ప్రాక్టీస్' అన్న మాట నిలబడింది. మీ పనిచోట కళ్లెదుట ఉన్న ఒక సమస్యను తీసుకుని, దాని మూలాలు తవ్వి, ఒక మార్పు చేసి చూసి, ఫలితం కొలిచి రాయాలి. పీహెచ్‌డీ లోకానికి కొత్త జ్ఞానం ఇమ్మంటుంది. ఎడ్.డి. నీ చోట పని మార్చి చూపించమంటుంది.

అందుకే కార్యక్రమాలు పోల్చేటప్పుడు చివర్లో ఏం రాయిస్తారో ముందు చూడండి. వాండర్‌బిల్ట్ పీబాడీ కాలేజీ ఆన్‌లైన్ ఎడ్.డి. 'లీడర్‌షిప్ అండ్ లెర్నింగ్ ఇన్ ఆర్గనైజేషన్స్'లో 54 క్రెడిట్లు. చివర సంప్రదాయ థీసిస్ కాదు, క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు, అంటే నేర్చుకున్నదంతా ఒక అసలు సమస్య మీద పెట్టి చూపే ముగింపు పని. జాన్స్ హాప్కిన్స్ ఆన్‌లైన్ ఎడ్.డి.లో ఎంచుకున్న సమస్య చుట్టూనే చదువు తిరుగుతుంది. యూఎస్‌సీ రాసియర్ వాళ్లది 'ఆర్గనైజేషనల్ చేంజ్ అండ్ లీడర్‌షిప్', బడికే పరిమితం కాదు. మూడూ మంచివే. కానీ ఒకటి పీహెచ్‌డీలా ఐదు అధ్యాయాల థీసిస్ రాయిస్తూ ఎడ్.డి. పేరు పెట్టుకుందంటే, మీకు రెండు కష్టాలూ ఉంటాయి, రెండు లాభాలూ ఉండవు.

మహేంద్రతనయ

క్లాసుల టైము మాటేంటి? 'సాయంత్రం క్లాసులు' అని రాశారు.

సుంకి ఘాట్

వాళ్ల సాయంత్రం. ఈస్టర్న్ టైము సాయంత్రం 6 అంటే మనకి ఎండాకాలంలో తెల్లవారుజామున 3:30, చలికాలంలో 4:30. పసిఫిక్ సాయంత్రం 6 అంటే 6:30, 7:30. యూకే సాయంత్రం 6 అయితే రాత్రి 10:30, 11:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారం మారుతుంది, మనది మారదు. ఆ రెండు వారాల్లోనే చాలామంది క్లాసు పోగొట్టుకుంటారు. పసిఫిక్ టైము బాగానే ఉందనిపిస్తుంది గానీ, ఏప్రిల్లో మన దగ్గర పొద్దుటి బడి పెడతారు కదా, సరిగ్గా ప్రేయర్ టైముకి క్లాసు పడుతుంది. మార్కులు ప్రత్యక్ష హాజరు మీద ఎంత శాతమో, రికార్డింగ్ చూస్తే ఒప్పుకుంటారో లేదో మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి.

వంశధార గట్టు

డబ్బు లెక్క నేను చెప్తాను.

క్రెడిట్ రేటును క్రెడిట్లతో గుణించి అదే ఫీజు అనుకోకండి. ఉదాహరణకి క్రెడిట్ 1,000 డాలర్లు, 54 క్రెడిట్లు అనుకుంటే 54,000. దాని మీద టెక్నాలజీ ఫీజు, అక్కడికి వెళ్లాల్సిన రెసిడెన్సీ ఉంటే విమానం, వీసా, బస. అసలు దెబ్బ చివర్లో ఉంటుంది: కోర్సులన్నీ అయిపోయి థీసిస్ మిగిలితే, ప్రతి టర్ముకీ కంటిన్యుయేషన్ ఫీజు. గైడ్ మీ అధ్యాయం చూడకుండా ఆరు వారాలు ఉంచుకున్నా ఆ టర్ము ఫీజు మీదే. అందుకే అడగాల్సిన ప్రశ్న ఇది: 'నా డ్రాఫ్టు మీ దగ్గర ఉండగా టర్ము దాటితే ఫీజు ఎవరిది?'

డబ్బు పంపడం ఆర్‌బీఐ ఎల్ఆర్ఎస్ (వ్యక్తులు విదేశాలకు సొమ్ము పంపే పథకం) కింద, ఏడాదికి 2,50,000 డాలర్ల హద్దు. బ్యాంకులో ఫారం ఏ2 ఇస్తారు, పర్పస్ కోడ్ చదువుకి సంబంధించినదే పెట్టించండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీదే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. గుర్తింపున్న బ్యాంకు విద్యారుణంతో పంపితే అదీ లేదు. కట్టిన టీసీఎస్ రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో సొమ్ము ఇరుక్కుపోతుంది. విద్యారుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే, 8 ఏళ్ల వరకు.

చిన్న విషయమే గానీ తరచూ జరిగేది: వైర్ పంపేటప్పుడు ఛార్జీలు 'అవర్' (అన్నీ పంపేవాళ్లవే) అని పెట్టించండి. 'షేర్' పెడితే మధ్య బ్యాంకు కొన్ని డాలర్లు కోసుకుంటుంది. ఫీజులో ఆ కాస్త తక్కువపడి రిజిస్ట్రేషన్ హోల్డులో పడుతుంది. మళ్లీ పంపేసరికి క్లాసు సీటు నిండిపోతుంది.

ప్రాణహిత (సిరోంచ)

మహారాష్ట్ర సరిహద్దు నుంచి ఒక మాట. సర్టిఫికెట్లలో పేరు ముందే చూసుకోండి. మా దగ్గర మార్కుల జాబితాల్లో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరసన ఉంటాయి. తెలుగు వైపు చదివిన పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో మళ్లీ ఇంకో వరస. విదేశీ యూనివర్సిటీ, మన డిగ్రీ అక్కడ దేనికి సరితూగుతుందో చెప్పే డబ్ల్యూఈఎస్ సంస్థ, బ్యాంకు, ఇవి మూడూ మిమ్మల్ని ముగ్గురు వేర్వేరు మనుషులనుకుంటాయి.

బరంపురం బాటసారి

ఒడిశాలోనూ అంతే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో 'రావు' ఉంటుంది, డిగ్రీలో ఇంటిపేరు అక్షరంగా ముందు ఉంటుంది, ఒడియా స్కూలు రికార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. 'ఇద్దరూ ఒకరే' అని నోటరీ అఫిడవిట్ చాలాచోట్ల చెల్లుతుంది, కానీ అన్నిచోట్లా కాదు. దరఖాస్తు పాస్‌పోర్టు పేరుతోనే పెట్టండి. ఎందుకంటే రేపు డాక్టరేట్ మీద పడేది ఆ పేరే.

ట్రాన్‌స్క్రిప్టులు మీరు పంపితే డబ్ల్యూఈఎస్ తీసుకోదు, యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచే వెళ్లాలి. దానికి నెలలు పడుతుంది కాబట్టి దరఖాస్తు గడువుకి ముందే మొదలుపెట్టండి. ఇంగ్లీషు మీడియం పత్రం ఎంఏ చదివిన కాలేజీ నుంచి తీసుకోండి. కొన్ని సంస్థలు దాన్ని ఒప్పుకుంటాయి, లేకపోతే టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్.

గుణుపురం గురువు

ఇప్పటిదాకా ఎవరూ ఎత్తనిది, చివరికి అందరూ చిక్కుకునేది ఒకటుంది: ఐఆర్‌బీ. మనుషుల మీద పరిశోధన అంటే యూనివర్సిటీ నైతిక సమీక్షా మండలి అనుమతి లేకుండా ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. ముందు సిటీఐ అనే పరిశోధన నైతికత ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ జతచెయ్యాలి. ఆ తర్వాత దరఖాస్తు.

మీ సొంత బడిలో మీ కింద పనిచేసే టీచర్లను మీరే ఇంటర్వ్యూ చేస్తానంటే మండలి ఆపుతుంది. ప్రిన్సిపాల్ అడిగితే టీచరు కాదనగలరా? అది స్వచ్ఛందం కాదు. దారులు మూడు: బయటి మనిషి చేత పేర్లు తీసేసిన ఇంటర్వ్యూలు చేయించడం, పేర్లు లేని సర్వే పెట్టడం, లేదా వేరే మేనేజ్‌మెంటు బళ్లు ఎంచుకోవడం. ఎడ్.డి.లో చేరేటప్పుడే సమస్యను ఈ కోణంలో మలుచుకోండి. రెండో ఏట మార్చడం అంటే మళ్లీ మొదటికి.

ఆశ్రమ హాస్టళ్లు, ఎస్టీ ఎస్సీ అభివృద్ధి శాఖ బళ్లు అయితే జిల్లా సంక్షేమ అధికారి నుంచి స్థల అనుమతి లేఖ. లెటర్‌హెడ్ మీద ఎవరు, ఏ బడిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరితో మాట్లాడతారు, పేర్లు బయటపెట్టరు అన్నవి ఉండాలి. ఒడియాలో ఇస్తే ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి. పిల్లలు ఉంటే తల్లిదండ్రుల సమ్మతి వేరు, పిల్లవాడి అంగీకారం వేరు. గుమ్మా, సెరంగో వైపు సవర కుటుంబాల్లో చదవలేని తల్లిదండ్రులకు చదివి వినిపించే మౌఖిక పాఠం, వేలిముద్ర, సాక్షి సంతకం ఏర్పాటు చేసుకోండి. సవర మాట్లాడే మనిషి ఆ బడి టీచరు కాకూడదు.

రాయగడ రెండో లైను

ప్రశ్నాపత్రం తెలుగులో పెట్టొచ్చా సార్? మా టీచర్లకు ఇంగ్లీషు స్కేలు ఇస్తే అన్నిటికీ ఒకే గడిలో టిక్కు పెట్టేస్తారు.

గుణుపురం గురువు

పెట్టాలి కూడా. ఎంఎల్‌క్యూ అనే నాయకత్వ ప్రశ్నావళి ఎక్కువమంది వాడతారు, 45 వాక్యాలు, 0 నుంచి 4 వరకు మార్కులు. అది ఉచితం కాదు, మైండ్ గార్డెన్ దగ్గర ఎన్ని కాపీలకు కావాలో అన్నిటికీ లైసెన్సు కొనాలి, అనువాదానికి విడిగా అనుమతి. ఒకరు తెలుగులోకి మార్చాలి, మూలం చూడని ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఎక్కడ తప్పుతుందో చూపిస్తాను. 'లీడర్' అన్నచోట 'నాయకుడు' అని పెడితే మన ఊళ్లలో సర్పంచో వార్డు మెంబరో గుర్తొస్తారు, హెడ్మాస్టరు కాదు. 'నా హెడ్మాస్టరు నాకు అధికారం ఇస్తారు' అని 'ఎంపవర్'ని మార్చితే, తిరుగు అనువాదంలో 'పెత్తనం ఇస్తారు' అని వస్తుంది, టీచర్లు దాన్ని చెడ్డ గుణంగా లెక్కించి 0 వేస్తారు. 'నిర్ణయం నన్నే తీసుకోనిస్తారు' అంటే అర్థం దక్కుతుంది. ముందు ఐదారుగురు టీచర్ల దగ్గర కూర్చుని, ప్రతి వాక్యానికీ 'దీన్నిబట్టి మీకేం అర్థమైంది' అని అడిగించండి. ఒడియా టీచర్లకు విడిగా ఇదే పని చెయ్యాలి, తెలుగునుంచి ఒడియాకి మార్చకండి, ఇంగ్లీషు మూలం నుంచే మార్చండి. వాక్యం మారిస్తే మండలికి సవరణ దరఖాస్తు పెట్టాకే వాడాలి.

మహేంద్రతనయ

ఇంతకాలం ర్యాంకుల పేజీలు తిరగేశాను గానీ ఇవేవీ వాటిలో లేవు. చేరే ముందు అడ్మిషన్ వాళ్లకు ఏం రాయాలో ఒకసారి చెప్పండి.

సుంకి ఘాట్

నాలుగు ప్రశ్నలు చాలు. చైర్‌ను, అంటే మన భాషలో గైడ్‌ను, ఎవరు ఎంచుతారు, ఎప్పుడు? ఒక చైర్ దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? డ్రాఫ్టు చదివి ఇవ్వడానికి రాతపూర్వక గడువు ఉందా? చేరిన బ్యాచ్‌లో ఎంతమంది ఎన్నేళ్లలో పూర్తి చేశారు? చివరి ప్రశ్నకు 'సగటున మూడేళ్లు' అని వస్తే మళ్లీ అడగండి, పూర్తి చేసినవాళ్ల సగటా, చేరినవాళ్లందరిదా అని. మధ్యలో ఆగిపోయినవాళ్లు ఆ సగటులో ఉండరు.

గుణుపురం గురువు

ఐదోది నాది. 'అమెరికా బయటి బడిలో డేటా సేకరిస్తే ఐఆర్‌బీ ఏమేం అడుగుతుంది, స్థానిక భాషల అనువాదాలను ఎవరు పరిశీలిస్తారు?' దీనికి తిన్నగా జవాబు ఇచ్చిన కార్యక్రమం ఇలాంటి విద్యార్థులను ఇంతకుముందు నడిపించినదై ఉంటుంది.

వంశధార గట్టు

మహేంద్రతనయ గారూ, మెయిల్ పంపేటప్పుడు కంటిన్యుయేషన్ ఫీజు ప్రశ్న కూడా అందులో కలపండి. జవాబులు వచ్చాక ఇక్కడ పెట్టండి, మూడింటినీ పక్కపక్కన వేసి రూపాయల్లో లెక్క కట్టి ఇస్తాను. డిపాజిట్ తిరిగి ఇచ్చే గడువు తేదీ అడగడం మర్చిపోకండి, అది వాళ్ల టైములో ఉంటుంది.